ఎవరి విశ్వాసం వాళ్ళది: ప్రాథమిక తరగతుల్లో మతాల పాఠం

(ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

మీరంతా ఆరేళ్ళ నుంచి పదకొండేళ్ళ లోపు పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు. వాళ్ళు ఎలాంటి ప్రశ్నలు వేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. దేవుడు ఎక్కడుంటాడు? దేవుణ్ణి ఎవరు చేశారు? చనిపోయిన తాతయ్య ఇప్పుడు ఏం చేస్తుంటాడు? మా దేవుడు నిజమా, వాళ్ళ దేవుడు నిజమా? టైంటేబుల్లో మతాల పాఠం ఉన్నా లేకపోయినా ఇవి వస్తూనే ఉంటాయి. లెక్కల క్లాసు మధ్యలో వస్తాయి, ఆటల పీరియడ్‌లో వస్తాయి. మనలో చాలామందికి అక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఏం చెబితే ఎవరింట్లో గొడవవుతుందోనని మాట మార్చేస్తాం. లేదంటే "అన్ని మతాలూ ఒకటే చెబుతాయి, అందరూ మంచిగా ఉండండి" అని ముగించి పాఠంలోకి వెళ్ళిపోతాం.

ఆ రెండో జవాబు మంచి మనసుతో చెప్పేదే. అయినా దాన్ని క్లాసులోంచి తీసేయమని అడగడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. ఒక మతాన్ని నమ్మేవాళ్ళు దాన్ని ఎలా నమ్ముతారో, ఉన్నదున్నట్టు పిల్లల ముందు పెట్టవచ్చు. అది ఎంత వేరుగా ఉన్నా సరే, పిల్లలు అందుకోగలరు. దాన్ని తీసుకోమని వాళ్ళతో అనకూడదు, ఇంటి నుంచి తెచ్చుకున్నదాన్ని వదులుకోమనీ అనకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక మిగతాదంతా దీన్ని క్లాసులో ఎలా చేయాలనే దాని గురించే.

ముందు చట్టాల సంగతి కొంచెం చూద్దాం. దేశానికో పద్ధతి ఉంది, ఆ తేడాల్లో మనకు పనికొచ్చే విషయం కూడా ఉంది.

ఇంగ్లండ్‌లో 1944 విద్యా చట్టం బడుల్లో మతబోధనను తప్పనిసరి చేసింది. ఇష్టం లేని తల్లిదండ్రులు బిడ్డను ఆ క్లాసు నుంచి తప్పించుకునే హక్కు కూడా అందులోనే ఇచ్చింది. ఆ హక్కు ఈనాటికీ ఉంది. అప్పట్లో ఆ పాఠమంటే దాదాపు బైబిల్ పాఠమే. 1975లో బర్మింగ్‌హామ్ నగరం తెచ్చిన సిలబస్‌లో అనేక మతాలతో పాటు మానవతావాదం, కమ్యూనిజం లాంటి మతం కాని ఆలోచనలు కూడా చేరేసరికి పెద్ద దుమారం లేచింది. 1988 చట్టంతో క్రైస్తవంతో పాటు ఆ దేశంలోని ఇతర ప్రధాన మతాలకూ సిలబస్‌లో చోటివ్వడం తప్పనిసరి అయింది. ఫ్రాన్స్ పూర్తిగా వేరే దారి పట్టింది. 1882 చట్టంతో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోంచి మతబోధనను తీసేసి, కావాలనుకున్న తల్లిదండ్రులు బడి బయట చెప్పించుకునేందుకు వారంలో ఒక రోజు ఖాళీ వదిలింది. జర్మనీ రాజ్యాంగం ప్రభుత్వ బడుల్లో మతబోధనను మామూలు సబ్జెక్టుగానే గుర్తించింది. అయితే బిడ్డ ఆ క్లాసుకు వెళ్ళాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం, ఏ టీచరునూ ఆ పాఠం చెప్పి తీరాలని బలవంతపెట్టకూడదు. ఆ దేశంలోనే 1921 నాటి చట్టం ఒకటి ఇంకా అమల్లో ఉంది. దాని ప్రకారం పద్నాలుగేళ్ళు నిండితే ఏ మతంలో ఉండాలో పిల్లలే నిర్ణయించుకోవచ్చు.

అమెరికా సుప్రీంకోర్టు 1963లో ప్రభుత్వ బడుల్లో ప్రార్థనలా సాగే బైబిల్ పఠనం చెల్లదని తీర్పు ఇచ్చింది. మతం గురించి నిష్పాక్షికంగా చదువు చెప్పడంలో తప్పులేదని అదే తీర్పులో చెప్పింది. భారత రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన ఉండకూడదు. మతాల గురించి తెలియజెప్పడం ఆ నిషేధం కిందికి రాదని 2002లో భారత సుప్రీంకోర్టు చెప్పింది. భాషలు వేరు, చరిత్రలు వేరు. అయినా రెండు కోర్టులూ గీత గీసింది ఇంచుమించు ఒకే చోట. నమ్మించడం బడి పని కాదు, తెలియజెప్పడం బడి చేయదగ్గ పని.

ఇక నార్వే కేసు. దీని మీద ఇంకొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే క్లాస్‌రూమ్‌లో మనం చేసే పనికి ఇది బాగా దగ్గరది. 1997లో నార్వే పిల్లలందరికీ కలిపి ఒకే సబ్జెక్టు తెచ్చింది. ఉద్దేశం మంచిదే, అందరూ ఒకచోట కూర్చుని ఒకరి గురించి ఒకరు తెలుసుకోవాలని. కానీ ఆ సిలబస్‌లో క్రైస్తవానికి చాలా పెద్ద భాగం ఉండేది. ప్రార్థనలు, కీర్తనలు నేర్చుకోవడం, మతపరమైన నాటికల్లో పాల్గొనడం లాంటివి కూడా ఉండేవి. ఇష్టం లేనివాళ్ళు కొన్ని భాగాల నుంచి మాత్రమే మినహాయింపు అడగొచ్చు. అలా అడగాలంటే ఏది ఎందుకు తమకు ఇబ్బందో తల్లిదండ్రులు వివరించాలి. అంటే మా ఇంట్లో ఏం నమ్ముతామో బడికి విప్పి చెప్పుకోవాలి. కొందరు తల్లిదండ్రులు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్ళారు. 2007లో తీర్పు వాళ్ళకు అనుకూలంగా వచ్చింది. పదిహేడు మంది జడ్జిల్లో తొమ్మిది మంది ఒకవైపు, ఎనిమిది మంది ఇంకోవైపు. అంత సన్నగా ఉంటుంది గీత. జడ్జిలకే అంత కష్టమైన విషయం మనకు క్లాసులో తేలిగ్గా తేలిపోతుందని అనుకోకూడదు. మినహాయింపు ఉందిగా అని ధీమాగా కూడా ఉండకూడదు. నలభై మందిలోంచి ఒక బిడ్డను లేపి వరండాలో కూర్చోబెట్టడం ఆ బిడ్డకు శిక్షలాగే తోస్తుంది. ఎవరినీ బయటికి పంపనవసరం లేని పాఠం తయారుచేయడం మన పని.

ఆ పాఠం ఎలా ఉంటుంది? దానికి ముందు, ఎదురుగా కూర్చున్న పిల్లలు ఎలా ఆలోచిస్తారో చూడాలి.

1964లో రోనాల్డ్ గోల్డ్‌మన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఈ విషయం మీద పని చేశాడు. పిల్లలకు మూడు బైబిల్ కథలు వినిపించి ప్రశ్నలడిగాడు. మోషే చూసిన మండే పొద, ఎర్రసముద్రం దాటడం, ఏసుకు అరణ్యంలో ఎదురైన శోధనలు, అంటే ప్రలోభాలు. దాదాపు పన్నెండు పదమూడేళ్ళ దాకా పిల్లలు ఆ కథల్ని అక్షరాలా జరిగినట్టే తీసుకుంటారని, వాటి లోపలి అర్థం అందదని తేల్చాడు. కాబట్టి చిన్న వయసులో ఇలాంటి కథలు ఎక్కువగా చెప్పొద్దన్నాడు. ఆయన గమనించినదాన్ని కాదనలేం. ఆయన ఇచ్చిన సలహాతో మాత్రం నేను ఏకీభవించను. అర్థం అందేదాకా కథ ఆపితే ఏ పిల్లవాడికీ ఏ కథా చెప్పలేం. పైగా 1978లో మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించింది వేరే సంగతి. ప్రశ్నలో ఒక మనిషి, ఒక ఉద్దేశం, ఒక పరిస్థితి కనబడితే చిన్నపిల్లలు మనం అనుకున్నదానికంటే చాలా బాగా ఆలోచిస్తారు. గాల్లో వేలాడే ప్రశ్న అడిగితేనే తడబడతారు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. డెబోరా కెలెమెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాల్లో, రాళ్ళు ఎందుకు మొనదేలి ఉంటాయంటే జంతువులు ఒళ్ళు గోక్కోవడానికి అనే లాంటి జవాబుల వైపే చిన్నపిల్లలు మొగ్గారు. ప్రతిదీ దేనికోసమో చేసినట్టు వాళ్ళకు తోస్తుంది. ఇది ఆ వయసు తీరు. కాబట్టి ఏడేళ్ళ బిడ్డ "వాన దేనికోసం పడుతుంది" అని అడిగితే దాన్ని భక్తి అని మురిసిపోనూ వద్దు, మూఢత్వం అని దిద్దనూ వద్దు. రెండింటిలో ఏది చేసినా పెద్దవాళ్ళ తగాదాని ఆ బిడ్డ నెత్తిన పెట్టినట్టే.

అందుకే చిన్నపిల్లల దగ్గర మతాల పట్టికలు పనిచేయవు. మతం పేరు, స్థాపకుడు, గ్రంథం, ప్రార్థనాలయం, పండుగ అంటూ ఐదు గళ్ళ వర్క్‌షీట్ నింపించే పాఠాలు చాలా చూశాను. పిల్లలు నింపేస్తారు, మార్కులూ వస్తాయి. ఆ పాఠంలో ఒక్క మనిషి కనబడడు. యూదులు అనే గడిలో ఒక పేరు రాసిన బిడ్డకు, ఒక యూదు అమ్మాయి శుక్రవారం పొద్దుగూకే వేళకు ఏం చేస్తుందో, ఆ ఇంట్లో సబ్బాతు అనే వారపు విశ్రాంతి దినం దీపాలు ఎవరు వెలిగిస్తారో ఏమీ తెలియదు.

దీనికి నాకు తెలిసిన మేలైన మార్గం 1991లో బర్మింగ్‌హామ్ నుంచి వచ్చింది. మతవిద్య మీద పనిచేసిన జాన్ హల్, మైకేల్ గ్రిమిట్, వాళ్ళ సహచరులు ప్రాథమిక బడుల కోసమే తయారుచేసిన పద్ధతి. మతమంతా చెప్పొద్దు, మతంలోంచి ఒక్కటి తీసుకోండి అన్నారు వాళ్ళు. ఒక శబ్దం, ఒక బొమ్మ, ఒక కథ, ఒక పాట, ఏదైనా ఒక్కటి. అది ఆ మతస్థులకు నిజంగా పవిత్రమైనదై ఉండాలి, పక్కన పడేసే అలంకారం కాకూడదు. ముందు పేరేమీ చెప్పకుండా పిల్లల్ని దాని దగ్గరికి తీసుకెళ్ళాలి. తర్వాత అది ఎవరిదో, వాళ్ళకు ఏమిటో తెలియజెప్పాలి. చివరికి పిల్లలు తమ జీవితంలోకి తిరిగొచ్చి ఆలోచించుకోవాలి. దగ్గరికి వెళ్ళడానికి ఒక దారి ఉండాలి, వెనక్కి రావడానికి ఇంకో దారి ఉండాలి. ఆ రెండో దారి లేకపోతే పాఠం బోధనగా మారిపోతుంది. మొదటిది లేకపోతే అది జనరల్ నాలెడ్జ్ అయిపోతుంది. హల్ 1980ల మొదట్లో చూపు పూర్తిగా కోల్పోయిన మనిషి. శబ్దంతో మొదలయ్యే పాఠాలను ఆయన అంత బాగా ఆలోచించడం నాకైతే సహజంగానే తోస్తుంది.

ఈ పద్ధతిలో నడిచిన ఒక పాఠం దగ్గరగా చూశాను, చెబుతాను. ఎనిమిదేళ్ళ పిల్లలు. టీచర్ ముందే ఒక మాట చెప్పింది: "ఇప్పుడొకటి వినిపిస్తాను. అదేమిటో మీలో కొందరికి తెలిసి ఉండొచ్చు. తెలిసినవాళ్ళు ఆ రహస్యం కాసేపు మీ దగ్గరే ఉంచుకోండి." ఆ తర్వాత అజాన్ రికార్డింగు పెట్టింది. మొదటి పలుకు వినగానే వెనక బెంచీలో ఒక పిల్లవాడి మొహం వెలిగిపోయింది. నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఊహించడం మొదలుపెట్టారు. ఎవరినో పిలుస్తున్నారు అంది ఒకమ్మాయి. చాలా దూరం నుంచి పిలుస్తున్నారు అన్నాడు ఇంకొకడు. ఏడుస్తున్నట్టుంది అన్నారు ఎవరో. పాట అన్నారు చాలామంది.

టీచర్ ఏదీ తప్పనలేదు. రెండోసారి వినిపించింది. అప్పుడు ఆ వెనక పిల్లవాణ్ణి "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా" అని అడిగింది. చూడండి, నువ్వు చెప్పు అనలేదు. వాడు తనే చెబుతానన్నాడు, చెప్పాడు. ఆ తర్వాత టీచర్ కథలోకి వెళ్ళింది. మక్కాలో బిలాల్ అనే మనిషి ఉండేవాడు, పుట్టుకతోనే బానిస. ఒక్కడే దేవుడని నమ్మినందుకు యజమాని చిత్రహింసలు పెట్టాడు. ముహమ్మద్ ప్రవక్త సహచరుడైన అబూబకర్ డబ్బు కట్టి విడిపించాడు. తర్వాత మదీనాలో ప్రార్థనకు అందరినీ పిలవడానికి మంచి గొంతు కావాల్సి వస్తే, ఆ పని బిలాల్‌కు దక్కిందని ముస్లింలు చెప్పుకుంటారు. తెల్లవారుజాము పిలుపులో సున్నీ ముస్లింలు నిద్ర కన్నా ప్రార్థన మేలు అనే మాట కలుపుతారని కూడా టీచర్ చెప్పింది. పిల్లలకు ఆ మాట విపరీతంగా నచ్చింది. పొద్దున్నే లేవడం ఎంత కష్టమో వాళ్ళకు తెలుసు కదా.

పాట అన్న పిల్లలకు టీచర్ చెప్పిన మాట కూడా గుర్తుపెట్టుకోదగ్గది. "మీకు పాటలా వినిపించింది, అది మీ చెవి చెప్పింది. ముస్లింలు మాత్రం దీన్ని పాట అనరు, పిలుపు అంటారు." ఆ ఒక్క మాటతో పిల్లల అనుభవమూ నిలబడింది, నమ్మేవాళ్ళ మాటా నిలబడింది. పిల్లలతో అజాన్ పలికించే ప్రయత్నం ఆమె చేయలేదు. అది వాళ్ళది కాదు. ముస్లిం పిల్లవాణ్ణి కూడా పలకమని అడగలేదు.

చివర్లో ఒక ప్రశ్న ఇచ్చింది. ఆట మధ్యలో ఉన్నా సరే, ఏ పిలుపు వింటే మీరు ఆగిపోతారు? ఒకరు అమ్మ గొంతు అన్నారు. ఒకరు బడి గంట అన్నారు. ఒకమ్మాయి చాలాసేపు ఆలోచించి "నేను దేనికీ ఆగను, నాకు పిలుపేదీ లేదు" అంది. టీచర్ దాన్నీ మిగతా జవాబుల్లాగే తీసుకుంది, ఓదార్చలేదు, దిద్దలేదు. దేవుడు అనే మాట ఊసు లేని ఇంటి నుంచి వచ్చిన బిడ్డకు కూడా ఆ క్లాసులో పూర్తి చోటు దొరికింది.

ఇలా తీసుకోగలిగినవి ఎన్నో ఉన్నాయి. గురునానక్ పాడుతుంటే పక్కన ఆయన సహచరుడు మర్దానా రబాబ్ అనే తంత్రీవాద్యం వాయించేవాడు. ఒకరు హిందూ కుటుంబంలో పుట్టారు, ఒకరు ముస్లిం కుటుంబంలో పుట్టారు. ఈ ఇద్దరి స్నేహంతో సిక్కుల గురించి మొదలుపెట్టొచ్చు. సిక్కులు గురుగ్రంథ్ సాహిబ్‌ను సజీవ గురువుగా భావిస్తారు. రాత్రి పూట బట్టల్లో చుట్టి, గౌరవంగా మోసుకెళ్ళి విశ్రాంతి ఇస్తారు, తెల్లారగట్ల మళ్ళీ తెరుస్తారు. పుస్తకం నిద్రపోతుందా అని పిల్లలు కచ్చితంగా అడుగుతారు. అడగనివ్వండి. అది వెక్కిరింపు కాదు, ఆసక్తి. ఒక గురువు మీ ఇంటికి వస్తే ఎలా చూసుకుంటారు అని తిరిగి అడిగితే వాళ్ళే దారి కనుక్కుంటారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక మతంవాళ్ళంతా ఒకేలా ఉంటారనే భావన పిల్లల్లో తేలిగ్గా నాటుకుపోతుంది. వార్విక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ జాక్సన్ ఈ విషయం మీదే ఎక్కువ కృషి చేశాడు. మతం అనే పెద్ద మాట, అందులో ఒక శాఖ లేదా సమూహం, ఆ సమూహంలో ఒక మనిషి, ఈ మూడూ వేర్వేరుగా కనబడాలి అన్నాడు. చాలామంది క్రైస్తవులు డిసెంబర్ 25న క్రిస్మస్ చేసుకుంటే రష్యన్ ఆర్థడాక్స్ సంఘాల్లో అది జనవరి 7న వస్తుంది. కొన్ని చర్చిల్లో వాద్యాలు మోగుతాయి, క్వేకర్లు అనే శాఖలో చాలామంది నిశ్శబ్దంగా కూర్చునే ఆరాధిస్తారు. అందుకని క్రైస్తవులు ఇలా చేస్తారు అనే బదులు ఈ అబ్బాయి వాళ్ళింట్లో ఇలా చేస్తారు అని మొదలుపెట్టండి.

ఇప్పుడు అన్ని మతాలూ ఒకటే అనే మాట దగ్గరికి వస్తాను.

క్రైస్తవులు ఏసును దేవుని కుమారుడిగా ఆరాధిస్తారు. ముస్లింలు ఈసా అని పిలిచి గొప్ప ప్రవక్తగా గౌరవిస్తారు, దేవుని కుమారుడు అనే మాటను ఒప్పుకోరు. జైనులు లోకాన్ని సృష్టించిన దేవుడు ఒకడున్నాడని అనరు. బౌద్ధంలో సృష్టికర్తకు కేంద్ర స్థానం లేదు. హిందువుల్లో ఒకే ఇంట్లో ఒకరు విగ్రహానికి మొక్కుతారు, ఇంకొకరు రూపం లేని బ్రహ్మాన్ని తలుచుకుంటారు. వీటన్నిటినీ ఒకే మాటలో కలిపేస్తే మనం ఎవరి గురించి చెబుతున్నామో వాళ్ళెవ్వరూ అది మాదే అని ఒప్పుకోరు. ఇంకా పెద్ద నష్టం పిల్లలకు జరుగుతుంది. మనం ఒకేలా ఉన్నాం కాబట్టి కలిసి ఉండాలి అని నేర్పితే, తేడా కంటబడిన రోజున ఆ బిడ్డ ఏం చేయాలి? తేడా ఉన్న మనిషితో కూడా ఒకే బెంచీ మీద కూర్చోగలం అన్నది మన క్లాసులో అలవాటు కావాలి. దయ, నిజాయితీ, పేదవాళ్ళకు సాయం లాంటివి చాలా మతాల్లో కనబడతాయి, వాటిని తప్పకుండా చెప్పండి. అక్కడితో మాత్రం ఆగిపోకండి.

నీతి కథల విషయం కూడా అంతే. ప్రతి మతకథనూ చివర్లో "కాబట్టి అబద్ధమాడకూడదు" అనే వాక్యంతో ముగించడం మనకు అలవాటు. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి కదిలిపోయిన కథకు ఆ రకం ముగింపు ఏది పెట్టినా కథ చచ్చిపోతుంది. కథ చెప్పి ఊరుకోండి. ఏ చోట మీకు ఆగాలనిపించింది అని అడగండి చాలు.

చేయకూడనివి కొన్ని త్వరగా చెప్పేస్తాను. పూజలు, ప్రార్థనలు, బాప్తిస్మం లాంటివి క్లాసులో పిల్లలతో నటింపజేయొద్దు. ముహమ్మద్ ప్రవక్త బొమ్మ గీయమని ఎప్పుడూ అడగొద్దు. సిక్కు గురువుల వేషాలు వేయించొద్దు, ఆ సంప్రదాయంలో అది తప్పు. ఖురాన్ ప్రతి క్లాసుకు తెస్తే శుభ్రమైన చోట, ఎత్తులో పెట్టండి, నేల మీద వద్దు. యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబాల పిల్లలు పుట్టినరోజులు, క్రిస్మస్ జరుపుకోరు. పండుగ కార్డులు తయారుచేయించే రోజున వాళ్ళకు ముందే ఇంకో పని ఆలోచించి ఉంచండి. రంజాన్ నెల చంద్రమానం ప్రకారం ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది కాబట్టి తేదీ ప్రతి ఏడూ చూసుకోవాలి. చిన్నపిల్లలకు ఉపవాసం విధి కాకపోయినా కొందరు సరదాపడి ఉంటారు. ఆ బిడ్డను అందరి ముందూ మెచ్చుకోవద్దు, జాలిపడొద్దు, నీరసంగా ఉందేమో మాత్రం కనిపెట్టుకుని ఉండండి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. క్లాసులో ఒకే ఒక్క బౌద్ధ బిడ్డ ఉంటే, బౌద్ధం రాగానే టీచర్ కళ్ళు ఆ బిడ్డ మీదికి వెళతాయి. మీరెలా చేస్తారో చెప్పమ్మా అంటాం. ఆ బిడ్డకు తొమ్మిదేళ్ళు. తన ఇంట్లో ఏం జరుగుతుందో సగం తెలుసు, సగం తెలియదు. ఒక ధర్మం మొత్తానికి ప్రతినిధిగా నిలబడటం దానికెలా చేతనవుతుంది? తప్పు చెబితే ఇంట్లో సిగ్గు, చెప్పకపోతే క్లాసులో సిగ్గు. తనంతట తాను మాట్లాడితే వినండి, అంతే. ప్రతినిధి కావాలంటే ఒక పెద్దవాళ్ళను పిలవండి. వచ్చేవాళ్ళతో ముందే మాట్లాడుకోండి, ఇక్కడ తమ జీవితం గురించి చెప్పాలి తప్ప పిల్లల్ని ఆహ్వానించకూడదని స్పష్టంగా ఒప్పించండి.

మార్కుల విషయం. అజాన్ విని ముస్లింలు ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు అన్నదానికి మార్కులు వేయొచ్చు. నీకు దేవుడంటే ఎంత ఇష్టం అన్నదానికి వేయకూడదు, అసలు ఆ ప్రశ్నే అడగకూడదు.

తల్లిదండ్రులకు ముందే చెప్పండి. ఈ నెల ఏ పాఠం చెబుతున్నారో, ఏ బొమ్మ చూపిస్తారో, ఏ కథ చెబుతారో ఒక కాగితం మీద రాసి ఇంటికి పంపండి. వచ్చి చూస్తామంటే రానివ్వండి. గొడవల్లో చాలా భాగం పాఠం వల్ల రావు, పాఠం గురించి బిడ్డ ఇంటికి వెళ్ళి చెప్పిన అర ముక్క వల్ల వస్తాయి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 14వ అధికరణం ఉంది. ఆలోచనా స్వేచ్ఛ, మనస్సాక్షి స్వేచ్ఛ, మత స్వేచ్ఛ బిడ్డకు ఉన్నాయని చెబుతూనే, బిడ్డ ఎదుగుతున్న శక్తికి తగ్గట్టు దారి చూపే హక్కు, బాధ్యత తల్లిదండ్రులకు ఉన్నాయని కూడా అది చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. తల్లిదండ్రుల్ని దాటి బిడ్డ దగ్గరికి వెళ్ళే అధికారం మనకు లేదు.

ఇక మొదట చెప్పిన ప్రశ్నలు.

"టీచర్, మీరు దేవుణ్ణి నమ్ముతారా?" దీని మీద టీచర్లలో రెండు అభిప్రాయాలున్నాయి. నిజాయితీగా చెప్పేయాలని కొందరంటారు. ప్రాథమిక తరగతుల్లో చెప్పకూడదని నా అభిప్రాయం. ఏడేళ్ళ బిడ్డకు టీచర్ మాట అంటే వేదం. మీ అభిప్రాయం అనుకుని మీరు చెప్పింది ఆ బిడ్డకు సరైన జవాబు అయిపోతుంది. "నాకూ నా ఆలోచన ఉంది. ఇక్కడ నా పని మీరు ఆలోచించుకోవడానికి సాయం చేయడం" అని నవ్వుతూ చెప్పండి, పిల్లలు ఒప్పుకుంటారు.

"తాతయ్య ఎక్కడికి వెళ్ళాడు?" ఇది పాఠం చెప్పే సమయం కాదు. వివిధ మతాల్లో మరణానంతర జీవితం అని మొదలుపెట్టకండి. పక్కన కూర్చోండి. మీ ఇంట్లో ఏమంటున్నారు అని అడగండి, తాతయ్య గురించి చెప్పమనండి. ఇంట్లో ఏం చెప్పారో దానికి ఎదురు చెప్పకండి.

అన్నిటికంటే కష్టమైనది ఇంకోటి ఉంది. ఒక బిడ్డ లేచి, పక్కనున్న స్నేహితురాల్ని చూపించి, "మా దేవుణ్ణి నమ్మకపోతే నరకానికి వెళ్తారని మా నాన్న చెప్పాడు, మరి ఇది కూడా వెళ్తుందా?" అంటుంది. ఇది చాలా క్లాసుల్లో జరిగే సంగతే. ఆ బిడ్డ తిట్టడం లేదు, నిజంగానే భయపడుతోంది, స్నేహితురాలి కోసం. మీ నాన్న తప్పు చెప్పాడు అంటే ఒక ఇంటి విశ్వాసం మీద బడి తీర్పు చెప్పినట్టు. ఊరుకుంటే పక్కనున్న బిడ్డ మీద మాట పడిపోయినట్టు. అప్పుడు ఇలా అనొచ్చు: "మీ ఇంట్లో అలా నమ్ముతారని అర్థమైంది. ఇక్కడ వేరేలా నమ్మే ఇళ్ళ నుంచీ, ఇలాంటివి నమ్మని ఇళ్ళ నుంచీ వచ్చినవాళ్ళున్నారు. దీని గురించి పెద్దవాళ్ళు కూడా వేల ఏళ్ళుగా ఒక మాట మీదికి రాలేదు. నమ్మకం గురించి ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. ఫలానా మనిషికి ఏమవుతుందని మాత్రం ఈ గదిలో మనం చెప్పం." ఇంచుమించు ఈ మాటలు ముందే ఇంట్లో ఒకసారి బయటికి అని చూసుకోండి, ఎందుకంటే ఆ క్షణంలో అప్పటికప్పుడు నోటికి రావు. తర్వాత ఆ ప్రశ్న అడిగిన బిడ్డను విడిగా పిలిచి, స్నేహితురాలి గురించి అంత ఆలోచించినందుకు మెచ్చుకోండి. రెండో బిడ్డ పక్కన కూడా కాసేపు కూర్చోండి. ఆ సాయంత్రమే రెండిళ్ళకూ మీరే ఫోన్ చేయండి. పిల్లలు ఇంటికి చేరి తమ తమ మాటల్లో చెప్పేలోపు, క్లాసులో ఎవరేం అన్నారో, మీరేం అన్నారో వాళ్ళకు మీ నోటి నుంచే తెలియాలి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఇక మీ క్లాసుల్లో ఎదురైన ప్రశ్నలు చెప్పండి, కలిసి ఆలోచిద్దాం.